వాసన అనే గడి

ఆదివారం పొద్దుగాల
లింగంపల్లిల రైలెక్కినం నలుగురం:
నేను, సుభద్రమ్మక్క, ల్యాబుల కొత్తగ చేరిన ఇర్ఫాన్,
తొవ్వ చూపెట్టే బుగ్గప్ప.

వారమంతా మేం ముట్టేది మూసీనే.
చాదర్‌ఘాట్ కాడ, అంబర్‌పేట కింద, నాగోల్ అవతల
తాడుకు డబ్బా కట్టి దించుతం,
సీసల పోసి మూత బిగిస్తం,
చీటీ అంటిస్తం:
తేది, టైము, రంగు, వాసన.
రంగు గడిల తొమ్మిదేండ్ల సంది
ఒకటే మాట రాస్తున్న.
వాసనకు ఆ మాట గూడ అక్కర లేదు,
టిక్కు పెడితే సాలు.

ఇంటికి పోయి నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంట.
అయినా అన్నం కలిపేటప్పుడు
నది నా కంచంలకు తొంగిచూస్తది.

"మా దిక్కు రాండ్రి, అది పుట్టిన జాగ చూపెడ్త"
అని బుగ్గప్ప ఎన్నిసార్లన్నా
నవ్వేటోళ్లం.
మూసీ పుట్టుడేంది?
మాకు ఎరుకైనప్పటికే అది ముసల్ది.

వికారాబాదుల దిగి ఆటో ఎక్కితే
మలుపు మలుపుకు చల్లదనం
ఎవరో తడిబట్ట దులిపినట్టు మొఖం మీద పడ్డది.
అనంతగిరంటే ఊటీ ఏం కాదు,
మంచు లేదు, టీ తోటల్లేవు.
పట్నపోళ్లు కార్లాపి మక్కకంకులు కొరుక్కుంట
లోయకు వీపు పెట్టి ఫోటోలు దిగుతున్నరు.
బుట్టలల్ల సీతాఫలాలు మాత్రం
కండ్లు విచ్చి లోయనే చూస్తున్నయి.

గుడిల కొబ్బరికాయ కొట్టినం.
ఒక చెక్క కోతి గుంజుకపోయింది.
"దాని వాటా దానికి" అనుకుంట
సుభద్రమ్మక్క రెండో చెక్కను కొంగుల దాసింది.
చెప్పుల కాడ కావలున్న ఇర్ఫాన్
కిందికి చూసుకుంట అడిగిండు:
"మేడం, ఇంత పచ్చదనం ఏ గడిల రాయాలె?"

చెట్ల సందుల పాత దవాఖాన గోడ కనబడ్డది.
"మా తాత ఆడ్నే ఆర్నెల్లు దగ్గిండు" అన్నడు బుగ్గప్ప.
"గాలే మందని రాసిచ్చిండట డాక్టరు.
గాలి మంచిదే.
తాతనే ఆగలే."
ఇగ ఎవ్వలం ఏం అనలే.
ఎండుటాకులు మా కాళ్లకింద మాట్లాడినయి.

రాళ్ల నడుమ, నాచు పక్కన,
బొటనవేలంత ధార.
"గిదే."

గుడి ముంగట గబగబ ఇడిసిన చెప్పులు
సుభద్రమ్మక్క ఈడ మెల్లగ ఇడిసింది.
నాకు పాడలవాటు,
పండుగనాడు గూడ సంచిల సీస ఉంటది.
నింపిన. చీటీ అంటించిన.
తేది రాసిన. టైము, పన్నెండు నలభై.
రంగు?
లేదని రాద్దామంటే
సీస అడుగున ఒక ఆకునీడ కదులుతున్నది.
వాసన?
ముక్కుకాడ పెట్టుకున్న:
కొంచెం రాయి, కొంచెం వాన,
బడిల ఎంగిలితో తుడిచిన పలక.
గడేమో గోరంత.
ఖాళీగ ఇడిసిన.

ల్యాబు ఫ్రిజ్జుల నాగోల్ సీస పక్కన పెడ్దామనుకున్న.
పరీక్షకు కాదు,
ఒకే మనిషివి
తొట్టెల ఫోటో, మంచం ఫోటో
పక్కపక్కన పెట్టి చూసినట్టు.

వాపసు రైలు కిక్కిరిసి ఉన్నది.
శంకర్‌పల్లి దాటినంక
పల్లీలమ్మే ముసలమ్మ ఒళ్లె పిల్లకు
ఎక్కిళ్లు పట్టి ఆగుతలేవు.
"నీళ్లున్నయా బిడ్డా?"
అందరి సీసలూ ఖాళీ.
నేను బుగ్గప్ప దిక్కు చూసిన.
"మేం తాగి పెరిగినయే" అన్నడు.

పిల్ల గుటగుట తాగింది.
మూసీని మొత్తం తాగింది,
మోచేతితో మూతి తుడుసుకున్నది.
ఎక్కిళ్లు ఆగినయి.
సీస తిరిగిచ్చుకుంట చీటీ మీద వేలు పెట్టి
"ఇదేం రాసిండ్రు?" అని అడిగింది.
"తేది" అన్న.
ఇంకేమన్నా చెప్పాల్సి ఉండె.
లింగంపల్లి వచ్చింది.

సోమవారం ఏడున్నర, చాదర్‌ఘాట్.
డబ్బా దించిన.
నురుగు పక్కకు జరిగి దారిచ్చింది,
ఎరిగినోళ్లకు ఇచ్చినట్టు.
చీటీ మీద వాసన గడి కాడ
నా చెయ్యి ఆగింది.
ఇర్ఫాన్ చిన్నగ "టిక్కు, మేడం" అన్నడు.
పెట్టిన.

బస్సులు పోయినప్పుడల్లా
వంతెన అదురుతున్నది.
సంచిల నిండు సీసకు
నిన్నటి ఖాళీ సీస
తగులుతున్నది.