ఆరున్నొక్కటి

మా నాయన ఓదేలు
ఎనుమాముల యార్డుల దడ్వాయి.
ఎన్నడూ ఒకటి అని మొదలువెట్టలే.
లాభం అనేటోడు.
లాభం, రెండు, మూడు, నాలుగు...
ఆరు కాడికొచ్చినంక గొంతు జర ఆగేది.
దర్వాజ తక్కువుంటె తల వంచినట్టు
"ఆరున్నొక్కటి" అని
వంగి అవతలికి పోయేటోడు.

ఏడు అంటె ఏడుపాయె.
బస్తా మీద కూసున్న మనిషి ముంగట
ఆ మాట ఎట్లొస్తది నోటికి?
మిర్చి ఘాటుకు షెడ్డంత తుమ్ముతుంటె
ఎవలు ఏడుస్తున్నరో
ఎవలకు ఉత్తగనే కండ్లు మండుతున్నయో
ఎట్లాగూ తెల్వకపోయేది.

కాంటా మూడు బొంగుల నడుమ ఏలాడేది.
ఒకదిక్కు బాట్లు, ఒకదిక్కు బస్తా,
నడుమ ముల్లు.
ముల్లు ఊగుతుంటె అందరూ ఊపిరి పట్టేది.
రైతు, అడ్తిదారు, హమాలీ,
చాయ్ గిలాసలు పట్టుకొచ్చిన పోరడు సుత.
ఎవలి దిక్కు మొగ్గాల్నో
దానికే ఇంక ఎరుక లేనట్టు
ఊగి, ఊగి, ఆగేది.
నేను పలక మీద గీతలు గీసేది.
నాలుగు నిలువు, ఒకటి అడ్డం.

ఇప్పుడు అదే షెడ్డుల
ఇనుప పీట మీద బస్తా పెట్టిస్త,
ఒక గుండీ ఒత్తుత.
ఎర్ర అంకెలు ఉరికి ఉరికి
టక్కున నిలవడ్తయి.
ఊపిరి పట్టనీకె యాళ్ల ఉండది.
చీటీ నాలుక లెక్క బయటికొస్తది.
ఏడును ఏడు అనే రాస్తది,
సిగ్గు లేదు, శరం లేదు.
కని ఒక మాట చెప్పాలె.
బాట్లెత్తే రెక్కలు అక్కరలేదనే
ఆడిదాన్నైనా నాకు లైసెన్సు ఇచ్చిన్రు.
నా బువ్వ గా గుండీలనే ఉన్నది.

మొన్న నాయన చూడనీకె వచ్చిండు,
చేతిల ఖాళీ సంచి.
కొనని ఎద్దు చుట్టు తిరిగినట్టు
మిషిన్ చుట్టు తిరిగిండు.
"దీని ముల్లేది బిడ్డా?"
లేదన్న.
"మరి ఇది సోంచాయించేది ఎట్ల కనవడ్తది?"

పరకాల దిక్కు నుంచొచ్చిన రాజవ్వ
చీటీని కొంగుకు ముడేసుకుంట నవ్వింది.
"మంచిగనే ఉన్నది ఓదేలన్నా,
గీ మిషిన్‌కు ఏలు లేదు."

నాయన కుడిచెయ్యి సంచెనుకకు పోయింది.
ఆ చిటికెనేలు
కాంటా దండె మీద ఎన్నిమాట్ల ఆనిందో,
ఎన్నిమాట్ల ఆనకుంట ఆపుకున్నదో
నేను అడగలే, ఆయన చెప్పలే.
అడ్తిదారు దసరకు పంపిన పచ్చ గౌను
నేనే తొడుక్కున్న.
వాడంత తిరిగి చూపెట్టిన.

ఇంటెనుక రేకుల కింద పండిన కాంటాను
నిన్న యాకూబ్ బండి మీదికి ఎక్కించినం.
అండర్ బ్రిడ్జి అవతల పాత ఇనుము దుకాణం.
అక్కడ సుత నా మిషిన్ లాంటిదే, చిన్నది.
దాని మీద దీన్ని పెట్టిన్రు.
జీవితమంత తూకమేసినదాన్ని
తూకమేస్తుంటె
ముల్లు పక్కకు వాలి ఉన్నది.
దానికి ఊగనీకె ఏం మిగల్లే.

"ముప్పై ఏడు కిలోలు చాచా" అన్నడు యాకూబ్.
నాయన అంకెల దిక్కు చానాసేపు చూసిండు.
"ముప్పై ఆరున్నొక్కటి" అన్నడు.
యాకూబ్‌కు సమజ్ కాలే.
పైసలు రెండుసార్లు లెక్కవెట్టి ఇచ్చిండు.

ఒక్క బాటు మాత్రం ఇయ్యలే.
అయిదు కిలోలని పోతపోసిన అంకె
సగం అరిగింది.
రాత్రి యార్డు ఖాళీ అయినంక
దాన్ని మిషిన్ మీద పెట్టిన.
ఎర్ర అంకెలు ఉరుకుతున్నయి,
నాలుగు దాటినయి,
ఇంకా ఆగలే.
ఆగకముందే గుండీ ఒత్తిన.
సున్న.

ఇప్పుడది మా దర్వాజకు అడ్డం ఉన్నది.
గాలొచ్చినా తలుపు కొట్టుకోదు.