ఉప్పు గీత

ఈతముక్కల ఉప్పుకొటార్ల వెనక
ఆదివారం పైటేల వాలీబాల్.
సున్నం తేవాల్సినోడు ఒంగోల్లో పెళ్ళికి పోయాడని
గీతలన్నీ ఉప్పుతోనే పోశారు కుర్రాళ్ళు.
నెట్టు కూడా రొయ్యల వలే,
నాలుగు చోట్ల నైలాన్ తాడుతో కుట్టింది.

నా పక్కన ప్లాస్టిక్ కుర్చీలో వీరాపోన్.
హేచరీలో రొయ్యపిల్లల్ని పొదిగించే థాయిలాండ్ మనిషి,
వచ్చి ఏడు నెలలు.
మా నోళ్ళు తిరక్క వీరబాబు అయ్యాడు.
మాకున్న ఒకే ఒక్క చేతుల కుర్చీ అతనిది.
మేమంతా నేల మీద, ఇటుకల మీద, బండి ట్యాంకుల మీద.
శ్యామలమ్మ టీ ముందు అతనికే ఇచ్చింది.
తర్వాత వీళ్ళకి. చల్లారినాక నాకు.

పాదర్తి వాళ్ళు పాయింటు కొడితే చప్పట్లు కొట్టాడు.
మావాళ్ళు కొట్టినా కొట్టాడు.
"ఎవరి వైపయ్యా నువ్వు?" అని గురవయ్య నవ్వితే
అతనూ నవ్వాడు.
నేను మాత్రం అతని చేతుల్నే చూస్తా ఉన్నా.
ముందు కళ్ళు మా మొహాలు వెతుకుతాయి,
ఆ తర్వాతే చేతులు కలుస్తాయి.
మధ్యలో అర క్షణం.

ఆ అర క్షణం నాకు తెలుసు.
దాంట్లో పదకొండేళ్ళు కాపరం చేశాను.

ఒమాన్‌లో, సూర్ అనే ఊళ్ళో,
నీళ్ళ ట్యాంకరు తోలేవాణ్ణి.
మాలకొండయ్య అనడం రాక మాలిక్ అన్నారు.
శుక్రవారం రాత్రుళ్ళు హమూద్ ఇంటి వాకిట్లో
తివాచీ పరిచి టీవీ బయట పెట్టేవాళ్ళు, ఫుట్‌బాల్.
ఖర్జూరాల పళ్ళెం ముందు నా వైపే తోసేవాళ్ళు.
తెల్ల చొక్కాలు మనవా, ఎర్ర చొక్కాలు మనవా,
అడగాలంటే సిగ్గు.
అందరూ లేస్తే లేచేవాణ్ణి,
అందరూ తల పట్టుకుంటే పట్టుకునేవాణ్ణి.
ఒకసారి తొందరపడి
ఎదటివాళ్ళ గోలుకి ఈలేశాను.
ఎవరూ ఏమీ అన్లేదు.
ఇంకో గిన్నె కాఫీ పోశారు.

ఇక్కడ ఆట ఆఖరి సెట్టుకొచ్చింది.
పద్నాలుగు, పదమూడు. పాదర్తి పైన.
వాళ్ళ పొడుగాటి సుదర్శనం ఎగిరి కొట్టిన దెబ్బకి
బంతి మా మూలన పడింది.
లోపలన్నారు వాళ్ళు. బయటన్నాం మేము.
దయానందం మాస్టారి నోట్లో ఈల ఉంది, ఊపిరి లేదు.
కాలర్ల మీదికి చేతులు పోయినాక
ఎవుడో అరిచాడు:
"వీరబాబు నడగండ్రా. ఆయన ఏ ఊరోడూ కాదుగా!"

ఏ ఊరోడూ కాదు.
ఆ మాట సాక్ష్యానికి పనికొస్తదని
నాకు ఎన్నడూ తట్టలేదు.

అతను లేచాడు.
దొర్లిపోయిన బంతిని రెండు చేతుల్లో పెట్టుకొచ్చాడు,
తొణక్కుండా పిల్లల తొట్టి మోసినట్టు.
తిప్పి తిప్పి చూశాడు.
వేలితో ఒకచోట రుద్ది నాలిక్కి రాసుకున్నాడు.
అతనికొచ్చిన తెలుగు నాలుగు మాటలో, ఐదో.
హేచరీలో రోజూ వాడేది ఒకటుంది.
"ఉప్పు" అన్నాడు.

పాదర్తి వాళ్ళు భుజాలకెత్తుకోబోయారు.
మావాళ్ళు మీద పడ్డారు.
"ఈ ఊళ్ళో గాలి నాకినా ఉప్పేరా నాయనా!"
"మా కుర్చీలో కూర్చోని, మా టీ తాగి,
నోరెట్టా వచ్చింది వీరబాబూ నీకు?"
శ్యామలమ్మ గ్లాసు లాక్కుంది.
గురవయ్య కుర్చీ లాక్కొని తనే కూర్చున్నాడు.
అచ్చం మా పిల్లోళ్ళని తిట్టే తిట్లే,
ఒక్కటీ మర్యాదగా లేదు.

అర్థమైందో లేదో.
వచ్చి నా ఇటుకల మీద కూర్చున్నాడు.
కాస్త జరిగి చోటిచ్చాను.

సూర్ వదిలి వచ్చేసే రోజు
హమూద్ నా చెయ్యి పట్టుకుని
"మాలిక్ మంచివాడు" అన్నాడు.
పదకొండేళ్ళలో ఎవరూ నన్ను తిట్టలేదు.

పొద్దుగూకింది. నెట్టు విప్పుతున్నారు.
ఎవరిదో మేక వచ్చి
మా మూల గీతని నాకుతా ఉంది,
తోలినా పోకుండా.