పొగబండి

ముప్పై రెండేండ్లు
యర్రగుంట్ల జంక్షన్లో పట్టాల మీద సుత్తి కొట్టినోన్ని.
రిటైరైనాక నాకు మిగిలింది
రెండు నొప్పి మోకాళ్లు, ఒక ఎర్రజెండా
(పచ్చది యాడనో పోయింది),
రోడ్డు కాంట్రాక్టరు పారేసి పోయిన తారుపీపా.

పీపాను ఊరి బయట మూడు రోజులు కాల్చి,
ఇసుకేసి రుద్ది, కడుపు కోసి తలుపు పెట్టినా.
లోపల కమ్మీలు, కమ్మీలకు తీగలు,
తీగలకు ఉప్పూ పసుపూ పట్టించిన పొట్టేలు తునకలు.
అడుగున తుమ్మ మొద్దు.
మంటెత్తగూడదు. ముసలాయన నిద్రలో మాదిరి
గుర్రుగుర్రున పొగ రావాల, అంతే.

మా జేజి పొయ్యి మీద దండేనికి వేలాడదీసేది తునకలు.
ఇల్లు సిమెంటయింది, పొయ్యి గ్యాసయింది,
పొగకు చోటు లేకపోయింది.

అంతా బాగుండె, గాలి ఒక్కటే మాట వినదు.
పెరటి గోడకు పడమర కనకాంబ మిద్దె,
మిద్దె మీద ఆమె మడిబట్టలు.
ఉల్లిగడ్డ కూడా గడప తొక్కని ఇల్లు.
మొదటి శుక్రవారం ఆమె ఏమీ అనలేదు.
రెండో శుక్రవారం
బట్టలన్నీ తీసి, మళ్లా తడిపి, మళ్లా పిండి,
నాకు కనపడేటట్టు
నిమ్మళంగా ఆరేసింది.
తిట్టింటే బాగుండు.

అందుకని బండి.

వడ్ల మౌనాచారిని పిలిస్తి.
పేరుకే మౌనం, నోరు రంపం.
"పాత స్లీపరు చెక్కలు దొరకవాప్పా నీకు? కొట్టేద్దాం" అనె.
వద్దంటి. స్లీపరు తాగిన నూనె కంపు
నా అరచేతుల్లో ఇంకా ఉంది,
తిండి పక్కన దానికి పని లేదు.
పడగొట్టిన హాస్టలు కాడ వేప దర్వాజాలు
పన్నెండు నూర్లకు బేరమైనాయి.
దోవలో పోలీసాయన ఆటో ఆపి, ఎర్రగుండాయని అనుమానపడి,
గోరుతో గీరి నాలికకు తాకించుకొని
"థూ, వేప" అని వదిలిపెట్టె.

చిత్రిక పట్టంగానే చేదు లేచింది,
నిన్న కోసిన మాను మాదిరి.
మేకులు లేవు, అన్నీ కుసులూ బెజ్జాలే.
చక్రాలు సిమెంటు గోడౌన్లో మూటలు మోసినవి,
ఒకటి ఇప్పటికీ కుయ్యిమంటాది.
పైన కడప బండ పరిచినాము, నల్లది, మొహం కనపడేటంత నునుపు.
నిప్పు పెట్టిన గంటకే టప్పుమని పగిలింది.
మౌనాచారి నిజంగా మౌనంగా ఉండింది
అప్పుడొక్కసారే.

బండ తీసి రేకు, రేకు మీద పెన్న ఇసుక,
ఇసుక మీద ఇటుకలు, ఇటుకల మీద పీపా.
చెక్కకూ ఇనుముకూ నడుమ నాలుగు వేళ్ల సందు.
"ఆ సందులో ఏమి పెడ్తావు తాతా?"
మౌనాచారి మనవడు అడిగె.
"ఏమీ పెట్టను."
పట్టాకూ పట్టాకూ నడుమ కూడా వదుల్తాము.
ఎండకు ఇనుము సాగుతాది,
సాగేదానికి చోటియ్యకుంటే
వంకర పోయి, బండినే పడగొడ్తాది.

ఇదీ కట్టే, అదీ కట్టే.
ఒకటి లోపల కాలుతాంది, ఒకటి కింద మోస్తాంది.
అప్పుడప్పుడు వేప కాలు మీద చెయ్యి పెట్టి చూస్తా,
జరమొచ్చిన పిల్లకు చూసినట్టు.

వీధి పిల్లోళ్లు పొగబండి అని పేరు పెట్టినారు.
అసలు పొగబండిని వాళ్లు చూసిండరు.
ఆ మాట ఎవరు నేర్పించినారో.

మొన్న పొద్దున మిద్దె మీద నుంచి పిలుపు:
"దస్తగిరీ, తూర్పుగాలి తిరిగింది. బండి జరుపు."
తోసినా. చక్రం కుయ్యిమనె.
"చాలునా?"
"ఇంకా రవంత దక్షిణానికి. ఇంకా... ఆఁ, చాలు."
చెయ్యెత్తి ఊపింది కనకాంబ,
ఆ చేతిలో ఆరేయబోయే పచ్చచీర.

చక్రానికి ఇటుక అడ్డమేసి
కాసేపు అట్లనే నిలబడినా.