రెండున్నర గ్లాసులు

రెండు వారాలు ఒకటిన్నర గ్లాసు,
రెండు వారాలు రెండున్నర.
మా ఇంటి క్యాలెండర్ బియ్యం డబ్బాలో ఉంటుంది.

అబర్డీన్‌లో మూడున్నరకే పొద్దు వాలిపోతుంది.
రేడియేటర్ మీద మేదిని స్కూలు సాక్సు,
ఒకటి ఆరింది, ఒకటి ఆరలేదు.
పైన ఏ హెలికాప్టర్ మోగినా
హోంవర్కు మీంచి తలెత్తకుండానే అంటుంది
"అది నాన్నది కాదు, నాన్నది బొంగురు గొంతు."

ఆయనొచ్చిన మొదటి రోజు
ఉప్పు ఎక్కడని అడుగుతాడు.
చెబుతాను. చోటు మార్చింది నేనే.
మంచం మీద తన వైపు చేరిన నా పుస్తకాలు,
వేడినీళ్ళ సంచీ, సగం మడతపెట్టిన బట్టలు
కుర్చీలోకి వలసపోతాయి.
రిగ్గు మీద గాలికి ఎదురు అరిచిన గొంతు కదా,
పప్పులో కారం సరిపోయిందనీ అరిచే చెబుతాడు.
మూడో రోజుకి తగ్గుతుంది.
నాలుగో రోజుకి నాకు నవ్వొస్తుంది.

ఇవాళ కుక్కరు ఎక్కించాక ఫోను:
సముద్రం మీంచి పొగమంచు లేచిందట,
హెలికాప్టర్లు ఎగరవట,
రేపు చూద్దామన్నారట.
"అయ్యో" అన్నాను.
అది నిజమే.
ఫోను పెట్టేశాక భుజాలు కాస్త కిందికి దిగాయి,
అదీ నిజమే.

మేదిని కంచంతో వచ్చి గిన్నెలోకి తొంగిచూసింది.
"ఇంత అన్నమా?"
రేపు పులిహోర అన్నాను, నిమ్మకాయ ఉందో లేదో చూడకుండానే.

రాత్రి మంచానికి అడ్డంగా పడుకున్నాను.
కిటికీ బయట వీధి దీపాన్ని కూడా మింగేసిన తెలుపు.
ఎంతసేపటికీ రాని నిద్ర
జరిగి జరిగి
నా వైపు అంచుకి వచ్చాకే పట్టింది.