మూడు సి నుంచి ఆరు సి దాకా

మంగాఫ్‌లో మా బడి
రెండు ఫ్లాట్ల భవనాల మధ్య ఇరుక్కున్న మూడోది.
ఆ ఏప్రిల్‌లో ప్రిన్సిపాల్ మేడమ్
ఫైల్లోంచి తలెత్తకుండానే అంది:
"మూడు సి ని ఆరు దాకా మీరే తీసుకెళ్లండి."

నవ్వొచ్చింది నాకు.
నా అకామా గడువు అక్టోబరు దాకానే.
ఈ ఊళ్లో నాలుగేళ్లు కలిపి
నాకెవ్వరూ ఇవ్వలేదు,
మా ఆయన కంపెనీ ఇవ్వలేదు,
అద్దె కాగితం ఇవ్వలేదు.
ఆవిడ మాత్రం
చేతిలో బెల్లం ముక్క పెట్టినట్టు ఇచ్చేసింది.

మొదటేడంతా పేర్లకే సరి.
జెస్విన్ ఎవరు, జెస్లిన్ ఎవరు,
ఇళవరసిని ఎలా పిలిస్తే తిరిగి చూస్తుంది,
రాయచోటి ఓబులేసు
రిజిస్టరులో ఓబులేష్ ఎందుకయ్యాడు.
వాడు లెక్క రాక కాదు,
ఎడమ చెవి వినపడక బిక్కమొహం వేస్తున్నాడని
ఫిబ్రవరిలో తెలిసింది.
మార్చిలో పరీక్షలు.
మామూలుగా అయితే కథ అక్కడికి కంచికే.
అంత కష్టపడి తెలుసుకున్న చెవిని
తెలియని మనిషికి అప్పగించి
నేను కొత్త చెవులు వెతుక్కోవాలి.

రెండో ఏడు మొదటిరోజు
నేను పేర్లు అడగలేదు.
ఓబులేసు కుడిచెవి నావైపు ఉండేలా
ఎవరో బెంచీ ముందే జరిపి ఉంచారు.
నిరుడు వదిలేసిన మూడింట రెండు దగ్గరే
మళ్లీ సుద్దముక్క ఆనించాను.
"మేడమ్ సెలవుల్లో చిక్కిపోయింది,"
వెనక బెంచీ గుసగుస.

అంతా తీపే అనుకోకండి.
మూడో ఏటికి
వాళ్లకి నేనంటే మొహం మొత్తింది.
నాకూ వాళ్లంటే.
నా కోపం ఏ అక్షరం దగ్గర మొదలవుతుందో
కంఠతా పట్టేశారు.
నిఖత్ నా నడక నడిచి చూపించేది,
మోకాలి నొప్పితో సహా.
మొదటి వారంలోనే ఆ పిల్లని
మొండిఘటం అనేసుకున్నాను.
ఆ మాట చెరపడానికి మూడేళ్లు పట్టింది, నా చేతికే.
ఒక్క ఏడాదే అయ్యుంటే
నా లోపల ఇప్పటికీ మొండిదిగానే ఉండిపోయేది.

టీచరు మారదన్నారు గానీ
పిల్లలు మారరని ఎవరూ అనలేదు.
ఒక గురువారం
జెస్విన్ వాళ్ల నాన్నకి కాంట్రాక్టు అయిపోయింది.
టీసీ కాగితం, చాక్లెట్ల డబ్బా, ఒక ఫోటో.
ఇళవరసి అయితే వేసవికని వెళ్లింది,
రంగు పెన్సిళ్లు డెస్కులోనే వదిలి.
సెప్టెంబరు వచ్చింది, ఆ పిల్ల రాలేదు.
ఆ పేరు మీద ఎర్రగీత కొట్టబుద్ధి కాలేదు.
హాజరు పిలుస్తూ
పదిహేడు తర్వాత ఒక్క క్షణం ఆగి
పంతొమ్మిదికి వెళ్లేదాన్ని.
పిల్లలకీ ఆ ఆగడం అలవాటైంది.
ఎందుకో తెలియని కొత్తవాళ్లు కూడా
అక్కడ ఊపిరి బిగపట్టేవాళ్లు.

ఆ కొత్తవాళ్లలో హఫ్సా,
అప్పటికే మూడు దేశాలు, మూడు బళ్లు.
సంచీ దించకుండానే అడిగింది:
"వచ్చే ఏడు కూడా మీరేనా?"
క్యాలెండరు చూడకుండా "ఊ" అన్నాను.
నా జన్మలో నేనిచ్చిన అతి పెద్ద హామీ
ఆ ఒక్క అక్షరం.

ఆరు సి చివరిరోజు లెక్కపెట్టాను.
ముప్పై ఎనిమిది మందితో బయల్దేరాం,
మొదటివాళ్లు పదిహేడుగురు మిగిలారు.
ఏడు నుంచి మగపిల్లలు రోడ్డవతలి భవనానికి.
ఓబులేసు చెవి సంగతి
ఒక చీటీలో రాసి మడిచాను,
అక్కడి సారుకి ఇవ్వమని.
వాడు తీసుకోలేదు.
"నిన్ననే వెళ్లి చెప్పొచ్చాను మేడమ్.
ముందు బెంచీ, ఎడమ చివర."

మళ్లీ ఏప్రిల్.
బయట దుమ్ము గాలి, లోపల కొత్త మూడు సి,
జేబులో మడత విప్పని చీటీ.
రిజిస్టరు తెరిచి పిలుస్తున్నాను.
పదిహేను, పదహారు, పదిహేడు...
నాకు తెలియకుండానే ఆగాను.

మూడో వరసలోంచి
సన్నటి గొంతు, కాస్త కంగారుగా:
"మేడమ్, నేనొచ్చాను."