రెండు గంటలకోసారి

నేను వస్తున్నానని వాళ్ళకి ముందే తెలిసింది.
దుప్పట్ల మీద షాపు మడతలు ఇంకా చెదరలేదు.
ఫినాయిలు తడి ఆరక
నా చెప్పుల గుర్తులు నా వెనకే వస్తున్నాయి.
పాలకొల్లు రోడ్డులో, మొన్నటిదాకా రైసుమిల్లు గోడౌను.
ఇప్పుడు ఇరవైరెండు మంచాలు.
మబ్బు పడితే లోపల ఇంకా తవుడు వాసనే.

"కాఫీ తీసుకోండి మేడం" అన్నారు మేనేజరు భాస్కరం గారు.
తీసుకున్నాను. అదీ రాయాలి.
పూతరేకులు మాత్రం వద్దన్నాను.

పద్నాలుగు పేజీల ఫారం నాది.
మంచినీళ్ళు: ఉన్నవి.
కుళాయి కింద వేలు పెట్టి నాలిక మీద రాసుకున్నాను.
పక్కన చిన్నగా 'ఉప్పు' అని రాశాను,
ఆ గడిలో అంతే పడుతుంది.
పిలుపు గంట: ప్రతి మంచానికీ ఉన్నది.
నొక్కి చూశాను.
వైరు మంచం కిందకి పోయి
అక్కడే ఆగిపోయింది.

తొమ్మిదో మంచం చంద్రకాంతమ్మ.
లేసు అల్లీ అల్లీ అలవాటైన వేళ్ళు
దారం లేకుండానే తిరుగుతున్నాయి.
నన్ను వంగమని సైగ చేసి చెవిలో చెప్పింది:
"మీరెళ్ళేదాకా దీని మీద ఉచ్చ పొయ్యొద్దన్నారు తల్లీ."

ఇక పక్క మార్చే రిజిస్టరు.
కదల్లేని వాళ్ళని రెండు గంటలకోసారి తిప్పాలి.
తిప్పారు. అన్నీ ఉన్నాయి.
పది, వెల్లకిల. పన్నెండు, కుడి. రెండు, ఎడమ.
నాలుగు, ఆరు, ఎనిమిది...
నా వాచీలో పొద్దున్న పదకొండున్నర.
రిజిస్టరులో అర్ధరాత్రి దాటిపోయింది.

ఏమీ అనలేదు. ఒక కుర్చీ అడిగాను.
పదిహేడో మంచం పక్కన వేసుకుని కూర్చున్నాను.
ఓలేటి నూకరాజు, లాంచీ సరంగు,
నర్సాపురం నించి సఖినేటిపల్లికి, సఖినేటిపల్లి నించి నర్సాపురానికి
ముప్పయ్యేళ్ళు.
ఇప్పుడు వెల్లకిల.
"ఏమన్నా కావాలా?"
"ఆయ్, ఏం వద్దండి."

పన్నెండు దాటింది. కరెంటు పోయింది.
నెత్తి మీద ఫ్యాను నెమ్మదిగా ఆగి
రెక్కల మీది దుమ్ము చూపించింది.
కిటికీ అవతల రొయ్యల చెరువుకి మాత్రం
జనరేటరు అందుకుంది.
కుర్రాడొకడు గట్టు మీదికొచ్చి చెక్ ట్రే పైకి లాగి
మేత తిన్నాయో లేదో వంగి చూసి
మళ్ళీ దింపాడు.
రెండింటికి మళ్ళీ వచ్చాడు.
ఇటు ఎవరూ రాలేదు.

రెండుంపావుకి సువార్త వచ్చింది.
అందరికీ ఒక్కత్తే ఆయా, నడుముకి బెల్టు,
అప్పటిదాకా ఆరో మంచానికి అన్నం మింగిస్తోంది.
రిజిస్టరు చూపించాను.
"రాత్రిపూట రాయడానికి చెయ్యి ఖాళీ ఉండదమ్మా,
అందుకని పొద్దున్నే రాసేస్తా."
రేపటికి బియ్యం ఏరి పెట్టుకున్నానన్నట్టు చెప్పింది.

ఇద్దరం కలిసి తిప్పాం ఆయన్ని.
కొత్త దుప్పటి వీపుతో పాటే లేచొచ్చింది.
సువార్త నీళ్ళు తడిపి తడిపి ఊడదీస్తుంటే
నేను భుజం పట్టుకుని
గోడ మీద పెచ్చు ఊడిన చోటు చూస్తున్నాను.
తర్వాత చూడక తప్పలేదు.
పుండు: ఉన్నది, లేనిది. రెండే గళ్ళు.
నా అరచెయ్యంత అని రాయడానికి చోటు లేదు.

"రేవులో కట్టేసిన పడవండి," అన్నాడు గోడతో.
"పైన రంగు బానే ఉంటది. అడుగే చీకుద్ది."

రాశాను. సంరక్షణలో తీవ్ర లోపములు గలవు.
సంజాయిషీకి గడువు ముప్పై రోజులు.
రోజుకి పన్నెండుసార్లు చొప్పున
ఎన్నిసార్లవుతుందో లెక్క కట్టి
ఆ అంకె ఎక్కడా రాయలేదు.
గుమ్మం దాకా వచ్చి సువార్త అడిగింది,
"నాలుగింటిది కొట్టెయ్యమంటారా అమ్మా?"

నాలుగింటికి జీపు కాలవ గట్టు మీద పోతోంది.
వాచీ చూసుకుని, పైకే అన్నానేమో,
"కుడి."
డ్రైవరు బ్రేకు మీద కాలేసి నా వైపు తిరిగాడు.
"కుడికాండీ? అటు కాలవండి మేడం."