నాలా

హసన్‌పర్తి దాటి ఎడమకు తిరిగితే
సర్వే నంబరు మూడువందల పన్నెండు.
పదకొండెకరాల ఇరవై గుంటలు.
నిన్నటిదాకా పత్తి.
ఇయ్యాల నా బల్ల మీద
వెయ్యికి ఒకటి కొలతన పరిచిన కాగితం.

ముందు రోడ్లు గీస్తాను.
నడిమి రోడ్డు నలభై అడుగులు, అడ్డరోడ్లు ముప్పై.
మలుపు దగ్గర ప్లాటు మూల కొంచెం చెక్కాలి,
ఫైరింజను తిరగాలి, పాడె కూడా తిరగాలి.
రెండోది రూల్సులో లేదు, నేనే కలుపుకుంటాను.
కరెంటు స్తంభాలు, మంచినీళ్ల ట్యాంకు,
మ్యాన్‌హోలుకూ మ్యాన్‌హోలుకూ మధ్య
వంద అడుగులకు ఒక అడుగు వాలు.
మురికినీళ్లకు మొహమాటం తెలియదు,
దిగనిస్తే పోతాయి
లేకుంటే ఇంట్లకే వస్తాయి.

పదిశాతం ఖాళీ జాగ వదలాలి.
ఓనరు తిరుమల్‌రావు వేలు పెట్టి చూపిస్తాడు
హైటెన్షన్ తీగెల కింద ముక్కోణం ముక్క.
"అది ఎట్లనన్న అమ్ముడుపోదు గదా,
పార్కు అని రాయుండ్రి."

లెవెల్ చూసిన పొద్దు
స్టాఫు పట్టుకొని నిలబడ్డది సారక్క.
నా యంత్రం పాతది,
గాజులోంచి లోకం తలకిందులు.
భూమిని పట్టుకొని
ఆకాశంలోకి వేలాడుతున్నది సారక్క,
చేతిలో నల్ల ఎర్ర అంకెల కట్టె.
ఒకటి పాయింట్ రెండు. ఒకటి పాయింట్ మూడు.
ఇంకో పది అడుగులు పోయి ఆగింది.
రెండు పాయింట్ ఎనిమిది.
అంకె పెరిగిందంటే నేల దిగిందని
నేను పుస్తకంలో రాసుకునేలోపే
అటునుంచి కేకేసింది.
"గీడ ఒర్రె ఉంటుండె మేడం.
పైచెరువు మత్తడి దుంకితే
గిట్లకెళ్లే కింది చెరువుకు పోతుండె."
నీళ్లు రాక ఎన్నేండ్లయిందన్నాను.
"తొమ్మిదేండ్లు.
అయితేంది, తొవ్వ యాదిలుండదా?"

ఫైల్లో నాలా కాగితం ఉన్నది,
సాగుభూమి ఇండ్లజాగ అయిందని గుండ్రని ముద్ర.
భూమి మీదా నాలా ఉన్నది,
దానికి కాగితం లేదు.
ఒకటి ఫీజు కడితే వస్తుంది,
ఇంకోటి కట్టినా కట్టకున్నా వస్తుంది.

నీలిగీత గీశాను.
అరవై ఒకటి నుంచి అరవై ఆరు దాకా
ఆరు ప్లాట్ల కడుపులోంచి పోయింది.
అన్నీ తూర్పు ముఖం, అన్నీ రెండువందల గజాలు.
తిరుమల్‌రావుకు క్యాలికులేటర్ అవసరం పడలేదు.
"రెండు ఫీట్ల పైపు ఏసి మీదికెళ్లి మొరం కొట్టుండ్రి."
మత్తడి దుంకిన నీళ్లు ఆ పైపులో పట్టాలంటే
ఒకటెనక ఒకటి లైన్ల రావాలె,
ఆధార్ కార్డు చేతబట్టుకొని.

ఇంతవరకే అయితే తగాదా సులువు.

అరవై మూడు ఐలవ్వది.
కమలాపూర్ల బీడీలు చుడుతది.
అడ్వాన్సు రశీదు ప్లాస్టిక్ కవర్ల పెట్టి
కవరు దస్తీల చుట్టి
దస్తీ కొంగుల ముడేసి తెచ్చింది.
నీలిగీత మీద వేలు పెట్టి చూపించాను.
వేలి పక్కనే తన వేలు పెట్టింది,
తునికాకు మరక పోని గోరు.
"గిది పోతే ఏమిస్తరు?"
ఇరవై తొమ్మిది. పడమటి ముఖం.
రోడ్డు కన్నా అడుగున్నర ఎత్తు.
"అందరికీ తూర్పని చెప్పుకున్న బిడ్డా."
ఊకున్నాను.
ఎత్తు గురించి ఇంకోసారి చెప్పాలనిపించింది,
చెప్పలేదు.
సరే అనలేదు, కాదనలేదు.
రశీదు మళ్లీ కవర్ల, కవరు దస్తీల,
ముడి ఈసారి ఇంకొంచెం గట్టిగా.

సారక్క సద్ది తిని చేయి కడిగిన నీళ్లు
అరవై మూడు దిక్కే నడిచిన సంగతి
నేను ఐలవ్వకు చెప్పలేదు,
దరఖాస్తులో రాసే గడి కూడా లేదు.

రాత్రి పది దాటింది.
ఆరు ప్లాట్ల అంకెలు బ్లేడుతో గీకి తీశాను,
కాగితం అక్కడ పలచబడ్డది.
ఖాళీ జాగ అని అక్కడ రాసి
ఒర్రెకు ఇరుపక్కలా ఆకుపచ్చ వేశాను.
ముక్కోణం ముక్కను తీగెలకే వదిలేశాను.
తిరుమల్‌రావు ఇంకా చూడలేదు.
సంతకం గడి తెల్లగా ఉన్నది.
నీలిరంగు ఆరలేదు,
మోచేయి తగలకుండా
మెల్లగా లేచాను.